వేపచెట్టు కింద బాలయేసు

"బొమ్మ అని ఒక్క మాట అనేస్తే పోయేదానికి ఇంత రాద్ధాంతం ఏమిటండీ?" అంది అన్నమ్మ.

అనకుండా ఉండాల్సింది. అన్నా, కాస్త గొంతు తగ్గించి అనాల్సింది. కాని ఢిల్లీ మునిర్కా ఊళ్ళో ఆ రెండు గదుల వాటాలో ఒకరి మాట ఇంకొకరి చెవిన పడకుండా ఉండే మూల ఎక్కడ ఏడ్చింది గనక!

వంటింటి గడప మీద కూర్చున్న నాగేంద్రమ్మ తల తిప్పి కోడలి వంక చూసింది. డెబ్బై దాటిన మనిషి. పొద్దున్నే వానలో తడిసొచ్చిన చీర ఇంకా మార్చుకోలేదు. అంచు నుంచి నీళ్ళు గచ్చు మీదికి కారుతున్నాయి.

"బొమ్మా?" అంది. "ఎవురే బొమ్మ? స్వామిని పట్టుకుని బొమ్మంటావా?"

"నేనంటే తప్పేలెండి అత్తయ్యా. ఇప్పుడు మీరంటేనే ఈ కొంప నిలబడేది."

డెస్మండ్ టియర్నీ అద్దం ముందు నిలబడి, కట్టుకున్న టై విప్పి మళ్ళీ కట్టుకుంటున్నాడు. ఆ రోజు ఆఫీసుకి సెలవు పెట్టాడు. టై దేనికో ఆయనకే తెలియదు. తల్లికీ పెళ్ళానికీ మాటా మాటా పెరిగినప్పుడల్లా ఆ మహానుభావుడికి ఏదో ఒక పని గుర్తొస్తుంది.

వాళ్ళ చిన్నకూతురు బుజ్జి కిటికీ దగ్గర నిలబడి బయటికి చూస్తోంది. పదిహేనేళ్ళది. అసలు పేరు బ్రిజెట్. తాతగారి తల్లి పేరు, ఐర్లండులోనే ఉండిపోయిన మనిషి. నాగేంద్రమ్మ నోరు తిరగక పుట్టిన రోజే దాన్ని బుజ్జిని చేసేసింది.

కిటికీలోంచి ఇంటి ఓనరు దశరథ్ చౌధరీ వాకిలి కనిపిస్తుంది. వాకిట్లో రొట్టెలు కాల్చే పెనం ఒకటి బోర్లా పడుంది. దాని మీద వాన టపటపా కొడుతోంది. ఎవరో మరిచిపోయి ఉంటారనుకుంది బుజ్జి. వాకిలి గోడకి అవతల ఖాళీ జాగా, ఆ జాగాలో వేపచెట్టు, చెట్టు కింద గొడుగులేసుకున్న జనం. జనం మధ్యలో ఎర్ర అంగీ, తల మీద కిరీటం పెట్టుకుని మూరెడు ఎత్తు బాలయేసు.

ఆయన్ని అక్కడికి తెచ్చింది నాగేంద్రమ్మే.

శనివారం ఇంట్లో పెద్దపిల్ల ఐలీన్ పెళ్ళి. చర్చి గుడిలో పెళ్ళి, చౌధరీ వాకిట్లో షామియానా వేసి విందు. వానేమో వారం నుంచి తెరిపివ్వడం లేదు. యమున పొంగుతోందని రేడియో పొద్దస్తమానం చెబుతోంది. ఏ ఇంట్లో అయినా పెళ్ళికూతురి నాయనమ్మ దిగులు పడుతుంది. నాగేంద్రమ్మ దిగులు పడి ఊరుకోలేదు. ఆమె మొగుడు టెరెన్స్ టియర్నీ పటాలంలో వచ్చిన ఐర్లండువాడు. పటాలం వదిలి బిట్రగుంట లోకోషెడ్డులో ఇంజను డ్రైవరై, అక్కడే ఆమెని చేసుకుని, అక్కడి మట్టిలోనే కలిసిపోయాడు. సముద్రం దాటి వస్తూ ఆయన తెచ్చుకున్న ఆస్తి ఆ బాలయేసు స్వరూపం ఒక్కటే. పెళ్ళికి ముందు ఆ స్వామిని ఇంటి బయట పెడితే వాన ఆగి ఎండ కాస్తుందని వాళ్ళ ఊరి ఆనవాయితీ. డెస్మండ్ పెళ్ళప్పుడు బిట్రగుంటలో జనం చుక్క వాన కోసం మొహం వాచిపోయి ఉంటే, ఈ దొరగారు వాన రాకూడదని స్వామిని ఎండలో పెట్టాడు. ఊరంతా విరగబడి నవ్వింది. నాగేంద్రమ్మ మాత్రం నవ్వలేదు. మొగుడు పోయి కొడుకు దగ్గరికి ఢిల్లీ వచ్చి ఎనిమిదేళ్ళయినా, ఆయన పద్ధతులన్నీ ఆమె కొంగున ముడేసుకునే ఉంది.

నిన్న గుమ్మం ముందు మోకాలిలోతు నీళ్ళు నిలిచాయి. అందుకని మెరక చూసుకుని, పక్క జాగాలో వేపచెట్టు మొదట్లో స్వామిని నిలబెట్టి, మోకరించి జపమాల చెప్పుకుని వచ్చింది. అదీ ఆమె చేసిన నేరం.

నేరం కాక మరేమిటి! ఢిల్లీలో జాగా కాజెయ్యాలంటే ముందు అక్కడ దేవుడు వెలుస్తాడు. ఇవాళ చెట్టు కింద ఒక రాయి, రేపు దానికి సిందూరం, ఎల్లుండి చుట్టూ ఇటుకలు, ఆపైన జెండా, జెండా వెనక పూజారి. ఇక ఆ జాగా పోలీసులు కూడా ముట్టరు. సరిగ్గా ఆ ఖాళీ జాగా మీదే చౌధరీకీ ఆయన తమ్ముడు హర్‌పాల్‌కీ ఏళ్ళ తరబడి తగువు నడుస్తోంది. పొలాలన్నీ సర్కారు ఫ్లాట్ల కింద పోయాక ఆ ఊళ్ళో మిగిలిన జానెడు మట్టికి కూడా తలకాయలు పగులుతున్నాయి. తెల్లారేసరికి బాలయేసు నుదుటిన సిందూరం, మెడలో బంతిపూలు, చుట్టూ ఇటుకలు. ఎవరో దారిన పోయే ఆడవాళ్ళు భక్తిగా చేసిన పని. వేపచెట్టు కింద ఎవరు కనపడినా దణ్ణం పెట్టే ఊరది. కాని తమ్ముడే కిరాయివాళ్ళ చేత దేవుణ్ణి పెట్టించాడని అన్న, అన్నే పెట్టించాడని తమ్ముడు. కర్రలు బయటికొచ్చాయి.

పొద్దున చౌధరీ గుమ్మంలో నిలబడి చెప్పి పోయాడు. పదింటికి ఊరి పెద్దలు కూర్చుంటారు. అది దేవుడైతే ఎవరూ ఎత్తడానికి వీల్లేదు, అక్కడే ఉంటాడు. తెచ్చి పెట్టినవాళ్ళు మాత్రం ఇవాళే సామాను సర్దుకుని ఊరు దాటాలి. బొమ్మైతే గొడవే లేదు, ఎత్తుకుపోవచ్చు. ఆ ముక్క, దాన్ని పెట్టిన మాతాజీయే పదిమందిలోకి వచ్చి చెప్పాలి.

"శనివారం పెళ్ళి పెట్టుకుని గురువారం నాడు గల్లీలో పడితే మాణిక్యం గారు ఏమంటారు?" అంది ఐలీన్ లోపలి గదిలోంచి. పెట్టె మీద కూర్చుని, తెల్ల పెళ్ళిచీర ఒళ్ళో పెట్టుకుని ఉంది. మాణిక్యం గారు ఆమెకి కాబోయే మామగారు. రాజిందర్ నగర్‌లో ఉంటాడు, సెంట్రల్ గవర్నమెంటు ఆఫీసరు, రోజూ చర్చిలో పూజకి వెళ్ళే మనిషి. ఈ సంబంధం ఆయనకి మొదటి నుంచీ సగం మనసే.

"ఏమంటాడు, వంక దొరికిందని పెళ్ళి మానుకుంటాడు," అంది అన్నమ్మ. "మీ డాడీని అడుగు. టై కట్టుకోవడం అయ్యాక చెప్తారు."

డెస్మండ్ టై వదిలేశాడు. వచ్చి తల్లి ముందు గొంతుక్కూర్చున్నాడు.

"అమ్మా. ఒక్క మాట. అనేసి వచ్చేద్దాం. మనసులో ఏముందో స్వామికి తెలియదా?"

"మీ నాయనుంటే ఈ మాట అనుండువా, అబ్బయా?"

డెస్మండ్ మెడలో వేలాడుతున్న టై కొస సరిచేసుకున్నాడు.

"కాయిలా పడి మూడు నెలలు మంచంలో ఉండాడు మీ నాయన. కళ్ళెదురుగా ఆ స్వామిని పెట్టమన్నాడు. పోయేటప్పుడు నా చెయ్యి పట్టుకోలా, ఆ స్వామి పాదం పట్టుకున్నాడు. దాన్ని నేను పదిమందిలో బొమ్మంటే, రేపు పైకి పోయి ఆయనకి ఏం మొహం చూపించేది?"

"పోయినవాళ్ళ సంగతి సరే, బతికున్న పిల్ల సంగతి?" అంది అన్నమ్మ. ఆమె గుంటూరు పాస్టరుగారి కూతురు. పెళ్ళికోసం ఈ క్యాథలిక్ గుడిలోకి మారింది గాని, స్వరూపాల ముందు కొవ్వొత్తులు వెలిగించడం ఇప్పటికీ ఆమెకి మింగుడు పడదు. ఎనిమిదేళ్ళుగా ఆ బాలయేసు మీద దుమ్ము దులుపుతున్నది ఆమే, బొమ్మ అన్నదీ ఆమే. "నా కూతురి పెళ్ళి చెడితే మీ స్వామి వచ్చి చేస్తాడా?"

నాగేంద్రమ్మ లేచింది. గోడ పట్టుకుని లేచింది.

"వస్తా," అంది. "వచ్చి ఉండేది ఉన్నట్టు చెప్తా. జాగా కోసం కాదు, పిల్ల పెళ్ళికి వాన ఆగాలని పెట్టినా అని చెప్తా. వాళ్ళూ మనుషులే గదా. నాకా హిందీ రాదు. బుజ్జి చెప్తది."

నిజమే, ఎనిమిదేళ్ళలో ఆమె నోట హిందీ ముక్క ఎవరూ వినలేదు. కూరలబండివాడితో కూడా వేళ్ళతోనే బేరం. ఇంట్లో హిందీ నోరు బుజ్జిదే. గల్లీలో ఆడి నేర్చుకున్న హిందీ, చౌధరీ మనవరాళ్ళకంటే గట్టిగా మాట్లాడుతుంది.

అత్తగారు చీర మార్చుకోవడానికి వెళ్ళాక అన్నమ్మ బుజ్జి దగ్గరికొచ్చింది. జడ సరిచేసింది. బుగ్గల మీద తాత పోలికతో వచ్చిన ఎర్ర చుక్కలు చేతితో తుడిచినట్టు నిమిరింది, తుడిస్తే పోయేవైనట్టు.

"హిందీలో చెప్పేది నువ్వే గదమ్మా," అంది.

ఆ తల్లి కళ్ళల్లోకి చూసి బుజ్జి తల దించుకుంది.

*

పెద్దలు చౌధరీ అరుగు మీద మంచాలేసుకుని కూర్చున్నారు. హుక్కా తిరుగుతోంది. అరుగు వెనక తలుపు చాటున చౌధరీ ఇంటి ఆడవాళ్ళు, అరుగు కింద జనం. కొత్త యూనివర్సిటీ కుర్రాళ్ళు ఇద్దరు, మేడ మీద వాటాలో ఉండే పంజాబీ కుటుంబం, ఎదురింటి మలయాళీ నర్సు తంకమ్మ. తంకమ్మ కూడా ఆదివారం వీళ్ళ గుడికే వస్తుంది.

అందరి కళ్ళూ బుజ్జి మీదే పడ్డాయి. పడక ఏం చేస్తాయి? ఆ పిల్లవి పిల్లికళ్ళు. ఎండ తగిలితే రాగి రంగుకు తిరిగే జుట్టు. బడిలో అంగ్రేజ్ అంటారు. ఉగాదికి తెలుగువాళ్ళ సభకి వెళ్తే అక్కడి ఆంటీలు సగం దొరసాని అని బుగ్గ గిల్లుతారు. గుడిలో కేరళ పిల్లలు మలయాళం మాట్లాడుకుంటారు. ఈ గల్లీ ఒక్కటే కాస్త నయం, చిన్నప్పటి నుంచి చూసినవాళ్ళు కాబట్టి చూడ్డం మానేశారు. ఇవాళ మళ్ళీ మొదలైంది. ఎవరూ తనకేసి రెండోసారి చూడని చోట నిలబడాలి. దేవుణ్ణి బుజ్జి ఎప్పుడైనా ఏమైనా అడిగిందంటే అదొక్కటే.

డెస్మండ్ గొంతు సవరించుకుని ముందుకొచ్చాడు. "చౌధరీ సాబ్, మా అమ్మ..."

"కొడుకు మాట వద్దు," అన్నాడు హర్‌పాల్. "వాడికి ఇల్లు కావాలి, ఏదైనా చెప్తాడు. ముసలమ్మ చెప్పనీ. ఆ పిల్ల హిందీలో చెప్తుంది. పిల్లలు అబద్ధం చెప్పరు."

పెద్దలు తలలూపారు. అందరిలోకీ పెద్ద ముసలాయన బుజ్జిని దగ్గరికి రమ్మన్నాడు. "బోల్ బేటీ. మీ దాదీని అడుగు. యే క్యా హై, ఇదేమిటి?"

బుజ్జి అడిగింది.

నాగేంద్రమ్మ కొంగు భుజం చుట్టూ కప్పుకుని, ఆ ముసలాయన మొహంలోకే చూస్తూ చెప్పింది. "ఇది మా స్వామి అని చెప్పు. మా దొర సముద్రం దాటి వస్తా చంకన పెట్టుకుని తెచ్చినాడు. మీ జాగా మాకొద్దు. పిల్ల పెళ్ళికి వాన ఆగాలని పెట్టినా. మా దొర ఊళ్ళో అట్టా పెడతారు. పెళ్ళయిన రోజే నా చేత్తో నేనే ఎత్తుకుపోతా. మీ ఇంట్లో ఆడపిల్లలుండారు గదా నాయనా, ఒక్క రెండు రోజులు ఓర్చుకోండి."

ఆ గొంతులో భయం లేదు, బతిమాలడం కూడా లేదు. బుజ్జి పెద్దల వైపు తిరిగింది.

స్వామి అన్న మాట చాలు. మిగతాది వింటారా వీళ్ళు? స్వామి అంటే దేవుడు, దేవుడంటే సామాను గల్లీలో. అక్క ఒళ్ళో ఉన్న తెల్లచీర కళ్ళ ముందు కనపడింది. అమ్మ చెయ్యి ఇంకా బుగ్గ మీద ఉన్నట్టే ఉంది. తంకమ్మ చూస్తోంది. హర్‌పాల్ చూస్తున్నాడు. అందరూ చూస్తున్నారు. నాయనమ్మకి హిందీ రాదు.

"గుడియా హై," అంది బుజ్జి. "బొమ్మ. నాది. చిన్నప్పటి బొమ్మ. తడిసిందని ఆరబెట్టడానికి చెట్టు కింద పెట్టిందట."

వానలో ఆరబెట్టడమేమిటని ఒక్కరైనా అడగలేదు. అందరికీ కావలసింది అదే మరి. దశరథ్ చౌధరీ గుండెల నిండా ఊపిరి పీల్చి ఫక్కున నవ్వాడు. హర్‌పాల్ కర్ర కిందికి దించాడు. మంచాల మీద నవ్వులు లేచాయి. గుడియాకి దణ్ణాలు పెట్టారటరోయ్, పూలేశారటరోయ్!

"అంతా చెప్పినావా?" అంది నాగేంద్రమ్మ.

"చెప్పాను నాయనమ్మా."

"వాన సంగతి?"

"అదీ చెప్పాను."

నాగేంద్రమ్మ మనవరాలి మొహంలోకి చాలాసేపు చూసింది.

ఈలోపు చౌధరీ వానలోకి దిగి, వేపచెట్టు కింది నుంచి బాలయేసుని ఒంటిచేత్తో ఎత్తుకొచ్చాడు. దండ తెంచి పారేశాడు, సిందూరం కండువాతో తుడిచేశాడు. దేవుడు కాదని అందరికీ కళ్ళారా చూపించాలిగా! అరుగు అంచున నిలబడ్డ తన ముద్దుల మనవరాలు మున్నీకి అందించాడు.

"ఇదిగో, ఆడుకో. దీదీ బొమ్మట."

"వద్దు," అనబోయి ఆగిపోయింది బుజ్జి. బొమ్మని బొమ్మలా చూస్తే వద్దనడానికి నోరెక్కడిది?

మున్నీ బాలయేసుని కిరీటం పట్టుకుని ఎత్తింది. వానలోకి పరిగెత్తింది. జారింది. మెడ దగ్గర ఎప్పటిదో పాత అతుకు ఉంది. సరిగ్గా అక్కడే విరిగి, తల దొర్లుకుంటూ పోయి ఇటుకల పక్కన ఆగింది.

పెద్దలు లేచి వెళ్ళిపోయారు. తగువు తీరింది గదా, ఇంక విరిగిన బొమ్మతో ఎవరికేం పని! నాగేంద్రమ్మ ఒక్కతే వానలోకి దిగి, తలని, మొండేన్ని కొంగులో మూటగట్టుకుంది. డెస్మండ్ సాయం పట్టబోతే చెయ్యి తోసేసింది.

*

అన్నం వేళకి వాన ఆగిపోయింది.

ఆగడమంటే మామూలుగా కాదు. మబ్బు విడిపోయి ఎండ కాసింది. గల్లీలో నీళ్ళు తీశాయి. షామియానావాళ్ళు వచ్చి గుంజలు పాతడం మొదలెట్టారు. అన్నమ్మ పొయ్యి మీద పప్పు దించుతూ, ఎప్పుడూ లేనిది, కూనిరాగం తీసింది. "పోన్లెండి, గండం గడిచింది," అని మొగుడితో రెండుసార్లు అంది. ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

నాగేంద్రమ్మ లోపలి గదిలో గోడ వైపు తిరిగి కూర్చుంది. మూట ఒళ్ళోనే ఉంది. అన్నం పళ్ళెం పెట్టింది పెట్టినట్టే ఉంది.

బుజ్జి వెళ్ళి పక్కన కూలబడింది.

"నాయనమ్మా. తాత చెప్పేవాడంటగా, దానంతటది తల విరిగితే మంచిదని. డాడీ పెళ్ళికీ ఇలాగే విరిగిందటగా. చూడు, ఎండ కాసింది."

నాయనమ్మ మూట ముడి ఇంకాస్త బిగించింది.

"జిగురు పెట్టి నేను అతికిస్తాను. తెలియకుండా అతికిస్తాను."

నాగేంద్రమ్మ గోడని చూస్తూనే ఉంది. తిట్టినా బాగుండును, ఒక్కటి పీకినా బాగుండును అనిపించింది బుజ్జికి. ఏడుపొచ్చింది. ఏడిస్తే ఎందుకని అడుగుతారని మింగేసింది.

అప్పుడు వీధి వాకిట్లో ఆడగొంతు వినిపించింది. "మాతాజీ! ఓ మాతాజీ!"

చౌధరీ భార్య. గల్లీ అంతా తాయీ అని పిలిచే లావుపాటి మనిషి. ఎవరూ రమ్మనకముందే లోపలి గదిలోకి వచ్చేసింది. భుజం మీద మున్నీ మెడ వాల్చేసి ఉంది. తాయీ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఒళ్ళు కాలిపోతోంది బేటీ," అంది బుజ్జితో. "ఆడుకుంటూ ఆడుకుంటూ పడిపోయింది. బావి దగ్గర ఆడవాళ్ళు అంటున్నారు, అది బొమ్మ కాదట, దేవుడేనట. దేవుడి తల విరిచిన పిల్ల ఇంక దక్కదట. నా మనవరాలే విరిచింది. నిజం చెప్పు తల్లీ. నీ కాళ్ళు పట్టుకుంటాను. గుడియానా, భగవానా? మీ దాదీని అడుగు."

భగవాన్ అంటే ఈమె ఇక్కడే కూలిపోతుంది. గుడియా అంటే నాయనమ్మ పక్కనే, ఆ మూట పక్కనే కూర్చుని మళ్ళీ అనాలి. ఏం అడగాలో, ఏ భాషలో అడగాలో తోచక బుజ్జి నాయనమ్మ వైపు తిరిగింది.

నాగేంద్రమ్మ గోడ మీది నుంచి చూపు తిప్పింది. చెయ్యి చాచి మున్నీ నుదురు పట్టి చూసింది. తర్వాత తాయీ చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

"గుడియా థీ, బేటీ," అంది. "బస్, గుడియా. డరో మత్."

నెల్లూరు యాస హిందీ. కాని తడుముకోలేదు. పిల్ల వానలో తడిసింది, మామూలు జ్వరం, భయపడకు, మిరియాలు దంచి కషాయం పట్టు, చెమట పడితే తగ్గుతుంది అని అంతా హిందీలోనే చెప్పింది. కొంగులో మూట కనపడకుండా మోకాలితో వెనక్కి నెట్టింది.

తాయీ భోరుమంది. ఆ చెయ్యి కళ్ళకద్దుకుంది. కాస్త తేరుకున్నాక, వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

"పెళ్ళికి వాన బెంగ పెట్టుకోకండి మాతాజీ. పొద్దున్నే నేను వాకిట్లో తవా బోర్లా పెట్టాను. మా పుట్టింటి ఊళ్ళో పెళ్ళికి వాన రాకుండా అలాగే పెడతారు. మీ పిల్లా నా పిల్లా వేరా? చూశారుగా, ఎలా ఎండ కాసిందో!"

ఆమె వెళ్ళిపోయింది. బయట గుంజలు కొడుతున్న చప్పుడు.

వాకిట్లో బోర్లా పడున్న పెనం. దాని మీద వాన. పొద్దున బుజ్జి కిటికీలోంచి చూసింది దాన్నే. నాయనమ్మ చెప్పమన్నది చెప్పినట్టు చెప్పి ఉంటే, ఆ అరుగు వెనక తలుపు చాటున నిలబడ్డ తాయీ విని ఉండేది. మాదీ అదే పద్ధతి అని బయటికొచ్చి ఉండేదేమో. అందరూ నవ్వి ఉండేవాళ్ళేమో. స్వామి తల స్వామికి ఉండేది.

"నీకు హిందీ వచ్చా నాయనమ్మా?"

"ఎనిమిదేళ్ళు ఈడనే ఉండా గదే. చెవులుండాయి గదా నాకు."

"మరి పొద్దున..." బుజ్జి నాయనమ్మ చెయ్యి పట్టుకుంది. "పొద్దున నేనన్నది వినీ ఎందుకూరుకున్నావు? అబద్ధం అని ఎందుకు చెప్పలేదు?"

"అంత జనంలో నా మనవరాలు అబద్ధమాడిందని నా నోటితో నేనెట్టా చెప్పేది?"

బుజ్జి ఇంక ఆపుకోలేకపోయింది. నాయనమ్మ ఒళ్ళో తల పెట్టబోయింది. తాయీ వెళ్ళాక మూట మళ్ళీ అక్కడికే చేరింది. ఆగిపోయింది.

నాగేంద్రమ్మ మెడలోంచి జపమాల తీసింది. దొర ఇచ్చిన జపమాల. స్నానానికి కూడా తియ్యనిది.

"నువ్వు పొద్దున అన్నావు, నేనిప్పుడన్నా. పిలకాయ కోసం ఆమె గుండె పగులుతా ఉంటే నేనన్నా. నువ్వు దేనికన్నావో నువ్వే తేల్చుకో." జపమాల మనవరాలి చేతిలో పెట్టి గుప్పిట మూసింది. "ఇది నీ దగ్గరుండనీ. శనివారం గుడికి నేను రాను. ఆయన ముందుకి పోయే మొహం నాకు ల్యా."

"నాయనమ్మా, అట్లా అనకు. అక్క పెళ్ళి..."

ముందు గదిలో కుర్చీ జరిగిన చప్పుడైంది. డెస్మండ్ గొంతు, తత్తరపడుతూ. "రండి, రండి మాణిక్యం గారూ. ఈ ఎండలో... కబురు చేస్తే నేనే వచ్చేవాణ్ణి కదా."

"కూర్చోడానికి రాలేదండీ." ఆ గొంతు చల్లగా ఉంది. "మా పక్కింటికి ఇంజెక్షను ఇవ్వడానికి నర్సు తంకమ్మ వచ్చింది. ఒక మాట చెప్పింది. విని ఉండలేక ఆటోలో వచ్చాను. ఊరి పంచాయితీలో, హుక్కాలు తాగేవాళ్ళ ముందు, మీ ఇంటివాళ్ళు బాలయేసుని బొమ్మ అన్నారట. పిల్ల చేతికిచ్చి తల విరగ్గొట్టించారట. నిజమేనా?"

వంటింట్లో అన్నమ్మ కూనిరాగం ఆగిపోయింది.

"అంటే, అది... పరిస్థితి అలా వచ్చింది సార్..." డెస్మండ్ నీళ్ళు నమిలాడు.

"పరిస్థితి వస్తే దేవుణ్ణి కాదంటారా? రేపు మా ఇంట్లో అడుగుపెట్టే పిల్ల కూడా అంతేనా? నాకు ఒకటి తెలియాలి టియర్నీ గారూ. ఆ మాట అన్నది ఎవరు?"

పెళ్ళిచీర పట్టుకుని ఐలీన్ తలుపు దగ్గర కొయ్యబారిపోయింది.

లోపలి గదిలో నాగేంద్రమ్మ నేల మీద చెయ్యి ఆనించింది. మోకాళ్ళు కూడదీసుకుంటోంది. లేచి ముందు గదిలోకి వెళ్తుందని, వెళ్ళి నేనే అన్నానని ఒప్పేసుకుంటుందని, ఈసారి తెలుగులోనే చెబుతుందని బుజ్జికి తెలిసిపోయింది.

బుజ్జి ఆ భుజం మీద చెయ్యేసి కిందికి నొక్కింది.

"నువ్వు కూర్చో నాయనమ్మా. ఆ మాట అన్నది నేను," అంది.

గుప్పిట్లో జపమాల అలాగే ఉంది. కళ్ళు తుడుచుకుని, అక్కని తప్పించుకుని, ముందు గదిలోకి నడిచింది.